గూడు కూలిన చిలుక పిల్ల: ఇంట్లో సాకాలా, అప్పగించాలా?

సి.క్యాంపు వాసి (కర్నూలు):
మా వీధి మలుపులోని పాత చింతచెట్టు కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని ఈ ఉదయం కొట్టించారు. పడిన కొమ్మల్లో ఒకదానికి తొర్ర ఉంది. అందులో రామచిలుక పిల్లలున్న సంగతి కొమ్మ నేలకు కొట్టుకుని చీలిన తరువాతనే అందరికీ తెలిసింది. ఒక పిల్ల అక్కడికక్కడే చనిపోయింది. రెండవదానికి కళ్ళు తెరుచుకున్నాయి, రెక్కల మీది ఈకలు ఇంకా గొట్టాల్లోంచి పూర్తిగా విచ్చుకోలేదు, ఎడమ రెక్క కిందికి వేలాడుతోంది. అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ వేసి పడుకోబెట్టాను. పెద్ద చిలుకలు రెండూ తీగ మీద కూర్చుని అరుస్తూనే ఉన్నాయి. అమ్మ పాలు పట్టమంటోంది, పక్కింటివారు పెంచుకోమంటున్నారు, తమ్ముడేమో అటవీశాఖకు చెప్పకపోతే కేసవుతుందని భయపెడుతున్నాడు. తెలిసినవారు దారి చెప్పగలరని మనవి.

ఆదోని బజారు:
పాలు మాత్రం వద్దు. మిగతాది పెద్దలు చెబుతారు.

డోన్ కాంపౌండరు:
పశువైద్యశాలలో చాలా ఏళ్ళు కాంపౌండరుగా పనిచేసినవాడిని గనుక చెబుతున్నాను. పక్షులకు పాలు అరగవు, కాబట్టి అమ్మగారి మాట ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. దెబ్బ తిన్న పిల్లకు మొదటి గంటలో కావలసింది మేత కాదు, చీకటి, నిశ్శబ్దం, ఒంటికి తగిన వెచ్చదనం. చల్లబడిన పిల్లకు మేత పెడితే అది గొంతు కింది సంచిలోనే నిలిచి పులిసిపోతుంది. బల్బు వెలిగించి పెట్టమని చాలాచోట్ల రాస్తారు గాని, అది చలిదేశాలవారికి పనికివచ్చే సలహా. మన కర్నూలు ఏప్రిల్‌లో, అందునా రేకుల గదిలో, పెట్టెకు బల్బు కూడా తగిలిస్తే పిల్ల ఉడికిపోతుంది. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలను ఒంటికి దూరంగా పెట్టుకుంటే వేడి ఎక్కువైనట్టు. ముడుచుకుని ఈకలు ఉబ్బించుకుంటే చలి వేస్తున్నట్టు. తెల్లవారుజామున గది చల్లబడితే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచండి, వేడి చాలనిపించినప్పుడు పిల్ల రెండో పక్కకు జరగగలగాలి.

రెక్కకు మీరే కట్టు కట్టవద్దు. తప్పనిసరైతే రెక్కను మామూలుగా మడిచే తీరులోనే ఒంటికి ఆనించి మెత్తగా కట్టాలి గాని రొమ్ము మీదుగా బిగించకూడదు. మనకున్నట్టు పొట్టకూ రొమ్ముకూ మధ్య ఊపిరి ఆడించే పొర పక్షికి ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. జాలితో గట్టిగా చుట్టిన కట్టు వల్లనే ఊపిరాడక చనిపోయిన పిల్లలను మా దగ్గరకు తెచ్చేవారు. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు అసలే వద్దు. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పి మందు వాటి కళేబరాలు తిన్న రాబందులను ఏ గతి పట్టించిందో చూసిన తరువాత, 2006లో దానిని పశువైద్యం నుంచి నిషేధించవలసి వచ్చింది. చివరి మాట, నోట్లో నీళ్ళు పోయకండి.

నల్లరేగడి (పత్తికొండ దగ్గర):
అన్నీ బాగున్నాయి గాని, నీళ్ళు పోయవద్దనే మాట నాకు మింగుడు పడలేదు. ఎండలో పడి, గూడు పోయి, దెబ్బ తిని ఉన్న ప్రాణికి గుక్కెడు నీళ్ళు ఇవ్వకూడదని చెప్పే శాస్త్రం ఏదో నాకు తెలియదు. చుక్క నీరు కోసం బోరు మీద బోరు వేసుకున్న సీమలో పుట్టినవాళ్ళం మనం. దాహమన్నవాడికి నీళ్ళు లేవనడం కంటే పాపం లేదని మా పెద్దలు చెప్పారు. ఇంకు ఫిల్లరుతో రెండు చుక్కలు వేస్తే కొంప మునిగేదేమీ ఉండదు, నేను వేశాను, పిల్ల బతికింది.

డోన్ కాంపౌండరు:
నల్లరేగడి గారూ, నీళ్ళు వద్దని నేను అనలేదు, నోట్లో పోయవద్దన్నాను. పక్షి నోరు తెరిచి చూడండి. నాలుక మొదట్లోనే చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది, గాలి గొట్టం అక్కడే మొదలవుతుంది. ఫిల్లరుతో నేరుగా వేసిన చుక్క గొంతులోకి పోతుందో ఊపిరితిత్తుల్లోకి పోతుందో వేసినవాడికి తెలియదు. తొర్రలోని పిల్లకు తల్లి కుండతో నీళ్ళు తేదు. తన మేతసంచిలోంచి కక్కి పెట్టే మేతలోనే తడి ఉంటుంది. కాబట్టి పలుచని జావలో వెళ్ళే నీళ్ళే దానికి చాలు.

నల్లరేగడి:
మరి నా పిల్ల ఎలా బతికిందో కూడా చెప్పండి.

చిత్రావతి (అనంతపురం):
అదృష్టం బాగుండి.

సుంకేసుల:
నీళ్ళ చర్చ తరువాత చేసుకోవచ్చు. అడిగిన వారి ముందున్న ప్రశ్న వేరు. ఆ పిల్ల తల్లిదండ్రులు ఎదుట తీగ మీదనే ఉన్నాయి. అంటే అది అనాథ కాదు, ఇల్లు పోయింది, అంతే. తొర్ర ఉన్న కొమ్మ ముక్క ఇంకా వీధిలోనే పడి ఉంటే దానిని తీసి, నీళ్ళు కారిపోయేటట్టు అడుగున చిన్న బెజ్జం చేసి, పిల్లి అందుకోలేని ఎత్తులో, పడమటి ఎండ పడని వైపున, మిగిలిన మానుకు తాడుతో గట్టిగా కట్టించండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి చేరదీయదనే మాట నిజం కాదు, చాలా పక్షులు వాసనను బట్టి పిల్లలను గుర్తు పట్టవు. దెబ్బ పైపైనది అయితే ఈ సాయంత్రమే పిల్లను అందులో పెట్టవచ్చు. ఎముక విరిగితే మాత్రం వైద్యం చేయించి అటవీశాఖకు అప్పగించాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 39వ సెక్షను ప్రకారం అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి, ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనులో గాని అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. మీ తమ్ముడు భయపెట్టడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాడు. ఇంట్లో సాకడం మాత్రం నా దృష్టిలో సహాయం కిందికి రాదు.

కొండారెడ్డి బురుజు:
చట్టం సరే, ఆదివారం ఫోను ఎత్తేదెవరు?

నల్లరేగడి:
సుంకేసుల గారు ప్రభుత్వ ఆస్తి అనే మాట వాడారు కాబట్టి, ఆ ఆస్తికి ఏమి జరుగుతుందో నాకు తెలిసిన సంగతి చెబుతాను. మా చేను గట్టు మీది తుమ్మ దగ్గర చిలుక పిల్ల దొరికింది. పొద్దుతిరుగుడు పువ్వు గింజ పట్టే వేళకు మంచె ఎక్కి వడిసెలతో చిలుకలను తోలే చేతులు ఇవి, అవే చేతులతో దానికి ఉడికించిన పెసరపప్పు మెదిపి పెట్టి సాకాను. రెక్క వంకరగా అతుక్కుంది, ఎగరలేకపోయింది. ఇంట్లో ఒక మనిషిలా తిరిగింది. ఊళ్ళో పాత తగాదా మనసులో పెట్టుకున్న ఒకాయన ఫిర్యాదు చేస్తే, జీపులో వచ్చిన సిబ్బంది నన్ను నలుగురిలో దొంగలా నిలబెట్టి దానిని తీసుకుపోయారు. ఆ తరువాత అది ఎక్కడుందని ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. ఒకరు వదిలేశామన్నారు, ఎగరలేని చిలుకను ఎక్కడ వదులుతారు? ఇంకొకరు జంతుప్రదర్శనశాలకు పంపామన్నారు, కాగితం చూపలేదు. అది బతికి లేదని నా నమ్మకం. అప్పగించమని చెప్పేవారు అప్పగించిన తరువాతి కథ కూడా చెప్పాలి.

పెన్న ఒడ్డు (కడప):
అప్పగింత, పెంపకం అనే మాటలు వచ్చాయి కాబట్టి మా జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. కలివికోడి అనే అడవి పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, ఇక లేనట్టేనని లోకం అనుకుంది. 1986 జనవరిలో మా కడప జిల్లా చిట్టడవిలో స్థానికుడు ఒకాయన రాత్రిపూట దానిని ప్రాణంతో పట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళు దాటి దొరికిన ఆ ఒక్క పక్షి మనుషుల చేతుల్లో బతకలేదు. దానిని చంపాలని ఎవరూ అనుకోలేదు, బతికించాలనే అందరి తాపత్రయమూ. లంకమల అభయారణ్యం దాని కోసమే వచ్చింది గాని, ఆ పక్షి మాత్రం పోయింది. పట్టుకోవడమే అడవి పక్షికి పెద్ద గాయమని నేను దీని వల్ల అనుకుంటాను.

నల్లరేగడి:
కలివికోడి పేరు మీద అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. చింతచెట్టు చిలుకకు ఏమి పెట్టారు? రంపం పెట్టారు.

ఆదోని బజారు:
ఈ మాట బాగుంది.

సుంకేసుల:
మాట బాగుండటం వేరు, సరిగా ఉండటం వేరు. నల్లరేగడి గారూ, మిమ్మల్ని నొప్పించాలని కాదు గాని సూటిగా ఒకటి అడుగుతాను. మీ చిలుక రాత్రిళ్ళు ఎక్కడ పడుకునేది? ఇంట్లో తిరిగిందన్నారు, పంజరం ఉందా లేదా?

నల్లరేగడి:
పిల్లి రాకుండా పంజరంలో పెట్టేవాళ్ళం. అందులో తప్పేమిటి? పగలంతా తలుపు తీసే ఉండేది.

సుంకేసుల:
నేను అనుకున్నదే. ఒక్క పిల్లను మనిషి సాకితే అది మనిషినే తన జాతి అనుకుంటుంది. ఏ పండు తినవచ్చో, ఏ గుంపుతో పోవాలో, గద్ద నీడ పడితే ఎటు దాక్కోవాలో దానికి నేర్పే చిలుక పక్కన ఉండదు. రెక్క బాగుపడినా అది బయట బతకలేదు. మీరు ప్రేమ అంటున్నది దాని పాలిట యావజ్జీవ శిక్ష.

నల్లరేగడి:
పట్నంలో బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఆదివారం పూట కాలువ గట్టున తిరిగేవారికి ప్రేమ అంటే ఏమిటో నేను చెప్పవలసిన పని లేదు. శిక్ష అన్నారు. చీమలు పట్టే వరకు రోడ్డు మీద వదిలేస్తే అది విముక్తి అవుతుందా? మీరు ఎన్ని పక్షులను మీ చేత్తో బతికించారు?

చిత్రావతి:
ఇద్దరూ కాస్త తగ్గండి. మా వైపు వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. ఊరంతా వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటుంది, కొమ్మ మీద కత్తి పెట్టనివ్వదు. గూటి నుంచి జారిన పిల్లలు అక్కడా ఉంటాయి. ముందు చెట్టును కాచుకున్న ఊరు కాబట్టి మీకు వచ్చిన తగువు వాళ్ళకు ఇంతగా రాదు.

సుంకేసుల:
తగ్గమంటే తగ్గుతాను గాని, నాకు ఈ విషయంలో ఎందుకింత పట్టుదలో చెప్పి తగ్గుతాను. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో, ప్రతి ఎండాకాలం మా బడి గేటు ముందుకు ఒకడు తడిగుడ్డ కప్పిన గంపతో వచ్చేవాడు. గుడ్డ తీస్తే అడుగున పది పన్నెండు చిలుక పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి, కొన్నింటికి ఈకలు కూడా రాలేదు. ఎక్కడివని అడిగితే అతని జవాబు ఎప్పుడూ ఒకటే: గూటి నుంచి పడిపోయాయి సార్, జాలిపడి తెచ్చాను. పిల్లలు ఇంట్లో ఏడ్చి డబ్బులు తెచ్చి కొనుక్కునేవారు. మన దేశపు అడవి పక్షులను అమ్మడం నేరమే, అయినా ఆ బేరం ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే, కొన్న ఇంటిని అడిగినా వచ్చే జవాబు అదే: పడిపోతే సాకుతున్నాం. నిజంగా జాలిపడి సాకినవారికీ గంపవాడికీ తేడా కాగితం మీద కనబడదు. మంచివారు ఇంట్లో పెట్టుకునే ప్రతి పంజరం వెనుక ఆ గంప దాక్కుంటుంది. నా తగాదా మీ ఒక్కరితో కాదు.

నల్లరేగడి:
ఇప్పటికి అసలు మాట బయటపడింది. మీకు గంపవాడి మీద కోపం, దానిని నా మీద చూపారు. నా కోపమూ చిలుక ఒక్కదాని గురించి కాదు. గూటిని, గుడ్లను పాడుచేయడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుందని నన్ను నలుగురిలో నిలబెట్టిన రోజున అదే సిబ్బందిలో ఒకాయన చదివి వినిపించాడు. అయితే ఈ సి.క్యాంపు చెట్టు కొమ్మను, తొర్రలో ఏముందో ఒక్కసారి తట్టి కూడా చూడకుండా, పిల్లలు పెట్టే కాలంలో కొట్టినవారిని ఏ సెక్షను కింద అడుగుతారు? గూడు కూల్చినవారికి 48 గంటల గడువు లేదు, కూలిన గూటి నుంచి పిల్లను ఏరుకున్నవాడికి ఉంది. ఈ లెక్క నాకు ఎక్కదు.

డోన్ కాంపౌండరు:
ఈ మాటకు జవాబు నా దగ్గర లేదు. కొమ్మలు కొట్టే పని వర్షాలు పడ్డాక పెట్టుకుంటే సగం బాధ తప్పేది. చిలుకలు మన వైపు సాధారణంగా చలికాలం చివర గుడ్లు పెడతాయి, ఎండలు ముదిరేసరికి పిల్లలు తొర్రలో ఉంటాయి, సరిగ్గా అప్పుడే రంపాలు బయటికి వస్తాయి. అడిగినవారు ఏమయ్యారు?

సి.క్యాంపు వాసి:
క్షమించాలి, పశువైద్యశాలలో చాలాసేపు పట్టింది. అక్కడి డాక్టరు రెక్కను దీపానికి అడ్డంగా పట్టి, వేలితో మెల్లగా తడిమి చూసి, మోచేతి కింది రెండు ఎముకల్లో లావుది విరిగిందని, సన్నది నిలబడి ఉందని చెప్పారు. ఆ సన్న ఎముకే బద్దలా పనిచేస్తుందట, లోపల చువ్వలు వేయవలసిన పని లేదట. రెక్కను మడిచి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు కట్టారు, రెండు మూడు వారాల లోపే విప్పాలని, ఎక్కువ రోజులు ఉంచితే కీలు బిగుసుకుపోతుందని హెచ్చరించారు. పిల్ల సాయంత్రానికి తేరుకుని తల పైకి కిందికి ఆడిస్తూ మేత అడిగింది. చెంచా అంచులను రెండు పక్కలా వంచి, గోరువెచ్చటి పెసర జావ పైముక్కు కింద ఆనిస్తే తనే తోసుకుంటూ తిన్నది. నల్లరేగడి గారు నొచ్చుకోవద్దు, నీళ్ళు పోయలేదు. తొర్ర ముక్కను కూడా చెట్టుకు కట్టించాను గాని కట్టుతో ఉన్న పిల్లను అందులో పెట్టలేం కదా. పెద్ద చిలుకలు చీకటి పడే వరకు ఉండి వెళ్ళిపోయాయి. రేపు ఉదయం అటవీశాఖ రేంజి ఆఫీసుకు తీసుకువెళ్తున్నాను.

నల్లరేగడి:
వెళ్ళండి, నేను ఆపను. అయితే ఒట్టి చేతులతో రాకండి. పక్షి ఏది, గాయం ఏది, ఎవరు తీసుకున్నారు, ఏ తేదీ అన్నీ రాసి రెండు ప్రతులు చేయించి ఒకదాని మీద సంతకం, ముద్ర వేయించుకోండి. కట్టు విప్పే రోజున ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళి పిల్లను చూపమని అడగండి.

సుంకేసుల:
ఈ సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అక్కడ కట్టు విప్పాక దానిని ఒంటరిగా ఉంచకుండా, వేరే చిలుకలు ఉంటే వాటితో కలిపి పెట్టమని కూడా రాసి ఇవ్వండి. దానికి బయట బతికే అవకాశం మిగిలిందంటే అదొక్కటే దారి. కొమ్మల సంగతి మీద కూడా అర్జీ పెట్టాలి. గుడ్లు, పిల్లలు ఉండే నెలల్లో చెట్లు కొట్టవద్దని, తప్పనిసరైతే ముందు తొర్రలు చూడాలని కలెక్టరు కార్యాలయంలో సోమవారం ఇద్దాం. నేను రాస్తాను.

కొండారెడ్డి బురుజు:
నా సంతకం ఉంటుంది.

నల్లరేగడి:
నేనూ పెడతాను, ఒక వాక్యం చేరిస్తే. ఎగరలేదని డాక్టరు రాసి ఇచ్చిన పక్షిని, సాకినవారి దగ్గరే, అధికారుల లెక్కలో ఉంచుకుని ఉండనివ్వాలి.

సుంకేసుల:
ఆ వాక్యం చేరిస్తే మరుసటి ఎండాకాలానికి గంపవాడి చేతిలో కూడా డాక్టరు చీటీ ఉంటుంది. అర్జీ చెట్ల గురించే ఉండాలి, పెంపకం మాట ఉండకూడదు.

నల్లరేగడి:
అయితే నా సంతకం లేకుండానే ఇచ్చుకోండి. కొమ్మ కొట్టించినవారు ఎవరో కనుక్కుని ఆ పేరు మాత్రం తప్పకుండా రాయండి.